పాత ఫోను ముసలిదయిందా?

పిల్లలూ! ఫోను మందగించగానే "కొత్తది కొనండి, నాన్నా!" అని మారాం చేస్తున్నారా? కాస్త ఆగండి. నాన్నగారిది కష్టార్జితం.

చాలాసార్లు ముసలిదయ్యేది ఫోను కాదు, దానిలోని లిథియం అయాన్ బ్యాటరీ. ఛార్జి చేసి వాడినకొద్దీ దాని శక్తి తరిగిపోతుంది. బ్యాటరీ నీరసించిన ఐఫోన్లు హఠాత్తుగా ఆగిపోకుండా తానే వాటి వేగం తగ్గించినట్టు ఆపిల్ కంపెనీ 2017లో ఒప్పుకున్నది. బ్యాటరీ మార్చగానే వాటికి పూర్వపు వేగం వచ్చింది! 2018లో అమెరికాలో ఆ మార్పిడికి అయినది 29 డాలర్లే.

అయితే పాతదాన్ని ఎల్లకాలమూ వాడవచ్చునా? వాడకూడదు. కంపెనీ భద్రతా అప్‌డేట్లు ఆపేస్తే దొంగలకు తలుపు తీసినట్టే. ఆ ఫోనుతో అమ్మ డబ్బు చెల్లిస్తూ ఉంటే మార్చడమే మంచిది.

కనక కొనేముందు అడగండి: బ్యాటరీ మారిస్తే చాలునా? అప్‌డేట్లు ఇంకా వస్తున్నాయా? రెంటికీ "అవును" అయితే, పాత ఫోనే మీకు కొత్త ఫోను!