జత విడదీస్తే కనబడని తేడా

ఒకే మనిషిని రెండుసార్లు కొలిస్తే వచ్చే అంకెల మధ్య చుట్టరికం ఉంటుంది. మందు మొదలుపెట్టక ముందు బీపీ ఎంత, నెల తర్వాత ఎంత? శిక్షణకు ముందు పిల్లవాడికి ఎన్ని మార్కులు, తర్వాత ఎన్ని? మొదట బీపీ ఎక్కువున్న మనిషికి, మందు పనిచేసినా సరే, తర్వాత కూడా పక్కవాళ్లకంటే కాస్త ఎక్కువే ఉండొచ్చు. ఈ చుట్టరికాన్ని లెక్కలోకి తీసుకుని, రెండు కొలతల మధ్య కనబడే తేడా నిలబడేదేనా, యాదృచ్ఛికంగా వచ్చిందా అని పరిశీలించే పద్ధతి జతల టి పరీక్ష.

టి పరీక్ష పుట్టుకకు డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కర్మాగారంతో సంబంధం ఉంది. గణితం, రసాయనశాస్త్రం చదివిన విలియం సీలీ గాసెట్ 1899లో అక్కడ చేరాడు. అప్పటి గణాంక పద్ధతులను నమ్మాలంటే కొలతలు చాలా ఉండాలి. బార్లీ మీదో హాప్స్ మీదో చేసే ప్రయోగాల్లో చేతికందేవి నాలుగో, పదో. అంత కొద్ది కొలతలతో ఎంతవరకు చెప్పొచ్చో తేల్చే వ్యాసాన్ని ఆయన 1908లో ‘బయోమెట్రికా’ పత్రికలో ప్రచురించాడు. ఉద్యోగులు సొంత పేరుతో రాయడానికి కంపెనీ ఒప్పుకోకపోవడంతో ‘స్టూడెంట్’ అని సంతకం పెట్టాడు. పరీక్షను ఇప్పటికీ ‘స్టూడెంట్ టి’ అనేది అందుకే.

ఆ వ్యాసంలోని ప్రసిద్ధ ఉదాహరణ మాత్రం బీరుది కాదు, నిద్రది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం కలమజూలోని మానసిక వైద్యశాల రోగులకు నిద్రమందులిచ్చి కుష్నీ, పీబుల్స్ 1905లో ఫలితాలు ప్రచురించారు. వాటిలోంచి గాసెట్ పదిమంది రోగుల అంకెలు తీసుకున్నాడు. మందు లేని రాత్రులతో పోలిస్తే ఒక్కొక్కరు ఎన్ని గంటలు అదనంగా నిద్రపోయారన్నది లెక్క. మొదటి మందుతో సగటున 0.75 గంట, రెండో మందుతో 2.33 గంటలు పెరిగింది. అయితే మనిషికీ మనిషికీ పోలికే లేదు. మొదటి మందుతో ఒకరికి 3.7 గంటల నిద్ర పెరిగితే, ఇంకొకరికి 1.6 గంటలు తగ్గింది.

జతల పరీక్ష ఈ రెండు వరుసలనూ విడివిడిగా చూడదు. ఒక్కో రోగికి రెండో మందు అంకెలోంచి మొదటి మందు అంకెను తీసేస్తుంది. అప్పుడు మిగిలేది ఒకే వరుస: 1.2, 2.4, 1.3, 1.3, 0, 1.0, 1.8, 0.8, 4.6, 1.4. ఇక రెండు గుంపుల మాటే లేదు. ఈ పది తేడాల సగటు సున్నాకు దూరంగా ఉందా లేదా అన్నదొక్కటే ప్రశ్న. సగటు 1.58. తేడాల చెదురుదనాన్ని చెప్పే క్రమ విచలనం 1.23. దాన్ని జతల సంఖ్య వర్గమూలంతో, అంటే పది వర్గమూలంతో భాగిస్తే 0.389 వస్తుంది. సగటును దీనితో భాగిస్తే వచ్చేదే టి విలువ, 4.06. పది జతలున్నప్పుడు, తేడా యాదృచ్ఛికం కాదనడానికి మామూలుగా పెట్టుకునే అయిదు శాతం గీత దాటడానికి 2.262 చాలు.

మందుల మధ్య అసలు తేడాయే లేకపోతే, ఇంత పెద్ద టి విలువ ఏ దిక్కున అయినా వచ్చే అవకాశం వెయ్యిలో మూడుకన్నా తక్కువ. దీన్ని తిరగేసి, ‘తేడా లేకపోవడానికి అవకాశం వెయ్యిలో మూడు’ అని చదవడం తప్పు. చదువుకున్నవాళ్లూ తరచు చేసే తప్పే ఇది. రోగికి పనికొచ్చే మాట వేరే ఉంది: ఇవే అంకెల నుంచి కట్టిన 95 శాతం అంచనా ప్రకారం మొదటి మందుకన్నా రెండో మందు ఇచ్చే అదనపు నిద్ర సుమారు 0.7 నుంచి 2.46 గంటల మధ్య.

ఇప్పుడు ఆ ఇరవై అంకెలనే జతలు విడదీసి, ఇరవైమంది వేర్వేరు మనుషులవన్నట్టు పోలిస్తే టి విలువ 1.86కు పడిపోతుంది. దాటాల్సిన గీత 2.101. అంకె ఒక్కటీ మారలేదు, తేడా మాత్రం రుజువు కాకుండా పోయింది. ఒకరి నిద్రకూ మరొకరి నిద్రకూ ఉన్న వ్యత్యాసం అడ్డొచ్చి మందుల తేడాను కప్పేసింది. ఎవరి అంకెలోంచి వారి అంకెనే తీసేసినప్పుడు ఆ అడ్డు చాలావరకు తొలగుతుంది.

ఈ పరీక్ష అడిగే షరతులు కొన్నే. ఒక జతకు ఇంకో జతతో సంబంధం ఉండకూడదు. తేడాలు సుమారుగా గంట ఆకారపు వక్రంలో పరుచుకోవాలి. విడి కొలతలు అలా ఉండనక్కర్లేదు. పై వరుసలో 4.6 అన్న తేడా కంటికి గుచ్చుకుంటుంది. ఫలితాన్ని అదే మోస్తోందేమోనన్న అనుమానం సహజం. కానీ దాన్ని తీసేసి లెక్కేస్తే టి తగ్గదు, 5.66కు పెరుగుతుంది. సగటు కొంచెం తగ్గినా చెదురుదనం సగానికి పడిపోవడమే కారణం. తేడాల గుర్తుల్నే లెక్కపెట్టే సులువైన పరీక్షలోనూ జవాబు మారదు: తొమ్మిదింట్లో రెండో మందుదే పైచేయి, ఒకటి సమానం.

జతకు ఒకే మనిషి ఉండాలని లేదు. చార్లెస్ డార్విన్ పరపరాగ సంపర్కంతో, స్వపరాగ సంపర్కంతో పుట్టిన మొక్కజొన్న మొక్కలను పక్కపక్కనే పెంచి ఎత్తు కొలిచాడు. అలాంటి జతలు పదిహేను. ఆ అంకెలు చూసిన ఫ్రాన్సిస్ గాల్టన్ రెండు వరుసలనూ ఎత్తు ప్రకారం మళ్లీ పేర్చాడు. ఏ మొక్క ఏ మొక్కకు జతో ఆ పేర్పులో పోయింది. రొనాల్డ్ ఫిషర్ 1935 నాటి పుస్తకంలో దీన్ని తప్పుపట్టి, అసలు జతలతోనే లెక్కగట్టాడు. టి 2.148 వచ్చింది. గీత 2.145. వెంట్రుకవాసిలో దాటింది.

జత కట్టడం ప్రయోగానికి ముందే జరగాలి. అంకెలు వచ్చాక, అనుకూలంగా కనబడ్డవాటిని పక్కపక్కన పేర్చడం జత కట్టడం కాదు. ‘ముందు, తర్వాత’ కొలతల్లో ఇంకో చిక్కుంది. బీపీ బాగా పెరిగిన రోజున ఆసుపత్రికి వచ్చిన మనిషికి, మందు వేసుకోకపోయినా తర్వాతి కొలతలో కాస్త తగ్గొచ్చు. మార్పు వచ్చిందని మాత్రమే పరీక్ష చెప్పగలదు. అది మందు వల్లేనని చెప్పాలంటే మందు తీసుకోని గుంపు కూడా పక్కన ఉండాలి. రెండు మందులనూ ఒకే మనిషికి ఇచ్చేటప్పుడు సగంమందికి ఒకటి ముందు, మిగతావారికి రెండోది ముందు ఇవ్వాలి. మధ్యలో మొదటి మందు ప్రభావం పోయేంత వ్యవధీ ఉండాలి. ఒకే మనిషిని మూడు, నాలుగుసార్లు కొలిస్తే ఈ పరీక్షను రెండేసి కొలతల మీద మళ్లీ మళ్లీ చేయకూడదు. అలా చేసినకొద్దీ లేని తేడా ఎక్కడో ఒకచోట ఉన్నట్టు కనబడే అవకాశం పెరుగుతుంది. అక్కడ వాడాల్సింది ఇదే కుటుంబానికి చెందిన రిపీటెడ్ మెజర్స్ అనోవా.