పశ్చిమ ప్రకాశంలో వన్యప్రాణి నేరాల నమోదు, ప్రభుత్వ పర్యవేక్షణ

నల్లమల అడవిలో, ముఖ్యంగా మార్కాపురం, గిద్దలూరు అటవీ విభాగాల పరిధిలో వన్యప్రాణులపై జరిగే నేరాలు ఏ విధంగా వెలుగులోకి వచ్చి నమోదగును, వాటిని నమోదుచేసే శాఖపై ఎవరి పర్యవేక్షణ కలదు అనునవి ఈ వ్యాసంలోని విషయములు. అడవిని కాపాడవలసిన శాఖయే అడవిలో జరిగిన నేరాన్ని కనుగొని, దర్యాప్తు చేసి, న్యాయస్థానంలో ఫిర్యాదు దాఖలు చేస్తుంది. కావున ఒక నేరం నమోదైనదంటే అది ఆ శాఖ పనితనానికి నిదర్శనము, కాపలాలో లోపానికి సాక్ష్యము కూడా. పర్యవేక్షణకు సంబంధించిన చిక్కులన్నీ ఇక్కడినుండే పుట్టుచున్నవి.

ప్రాంతము

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు మొదట కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాలో ఇవి చేరినవి. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం అని పేరు వచ్చింది. పలకల పరిశ్రమకు పేరుగాంచిన మార్కాపురానికి పడమరగా దోర్నాల, ఉత్తరంగా ఎర్రగొండపాలెం దాటితే నల్లమల మొదలవుతుంది. గిద్దలూరు నుండి నంద్యాల వెళ్ళే ఘాట్ రోడ్డు, రైలుమార్గం రెండూ ఈ అడవి గుండానే సాగుతాయి. కృష్ణానదికి ఇరువైపులా వ్యాపించిన అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించి, 1983లో పులుల సంరక్షణ పథకంలో చేర్చారు. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంగా పిలువబడిన దీని నాటి వైశాల్యం 3,568 చదరపు కిలోమీటర్లు. 2014లో రాష్ట్ర విభజన తరువాత నది ఉత్తర భాగం తెలంగాణలో అమ్రాబాద్ పులుల అభయారణ్యమైనది. దక్షిణాన గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం 1990లో ఏర్పడినది. ఆంధ్రప్రదేశ్‌లో పులుల సంఖ్య 2018 గణనలో 48, 2022 గణనలో 63.

నేరము ఎక్కడ మొదలగును

వన్యప్రాణి నేరమనగానే తుపాకి పట్టిన వేటగాడు మనసులో మెదలుతాడు. అడవి అంచు గ్రామాలలో నేరానికి ఆ రూపం ఉండనక్కరలేదు. పంటను పాడుచేసే అడవిపంది కొరకు పొలం చుట్టూ కరెంటు తీగ వేస్తారు, ఉచ్చులు పన్నుతారు, ఎరలో నాటుబాంబు దాస్తారు. పందికై పన్నినది పులికో చిరుతకో తగులుతుంది. ఆవును పులి చంపినప్పుడు మిగిలిన కళేబరంపై విషం చల్లడం మరొక పద్ధతి. చట్టం దృష్టిలో ఇవన్నీ వేటయే, ఉద్దేశించిన జంతువు వేరైనను.

ఇట్టి నేరాన్ని మొదట చూసేది పక్క పొలం రైతు, పశువుల కాపరి, లేదా తేనెకు వెళ్ళిన చెంచు. చూసినవాడు చెప్పడు. తీగ వేసినవాడు బంధువు కావచ్చును, తన పొలంలోనూ అటువంటి తీగయే ఉండవచ్చును. పైగా చెప్పినవాడినే ముందు అనుమానిస్తారన్న భయం కలదు. ఈ భయం నిరాధారమైనదని చెప్పలేము. పశువును కోల్పోయిన రైతుకు పరిహారం సకాలంలో అందితే విషం చల్లే అవసరం తగ్గుతుంది. ఆ మేరకు పరిహారపు దస్త్రం కూడా నేర నిరోధక దస్త్రమే. శాఖాపరమైన సమీక్షలలో దీనిని సంక్షేమ పద్దుగా మాత్రమే చూడడం సరికాదు.

నేర నమోదు

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. బీట్ అధికారి నేరాన్ని కనుగొన్నప్పుడు ప్రాథమిక నేర నివేదిక రాస్తాడు. ఇది పోలీసుల ఎఫ్.ఐ.ఆర్. వంటిదే గాని దానికి సమానం కాదు. సెక్షన్ అధికారి, రేంజి అధికారి మీదుగా అది విభాగపు అటవీ అధికారికి చేరుతుంది. తనిఖీ, స్వాధీనం, అరెస్టు అధికారాలు చట్టంలోని 50వ సెక్షన్ క్రింద అటవీ అధికారులకు, పోలీసులకు కలవు. మొదటి షెడ్యూలులోని జంతువును చంపినందుకు మూడు నుండి ఏడు సంవత్సరాల జైలుశిక్ష, 2022 సవరణ తరువాత కనీసం 25,000 రూపాయల జరిమానా విధింపబడును. పులుల అభయారణ్యంలో వేటాడినచో తొలి నేరానికే జరిమానా 50,000 నుండి 2 లక్షల వరకు ఉండును. కనీస జైలుశిక్ష నిర్ణయించిన నేరాలలో డబ్బు కట్టించుకొని రాజీ చేయు అధికారం శాఖకు లేదు. గ్రామాలలో ఈ విషయం తెలిసినవారు తక్కువ.

పులి మరణించినప్పుడు జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ నిర్దేశించిన విధానాన్ని పాటించాలి. ప్రతి మరణాన్నీ వేట వలన జరిగినదిగానే మొదట భావించి, అది కాదని ఆధారాలతో తేలిన తరువాతనే సహజ మరణమని వ్రాయవలెను. గోళ్ళు, కోరలు ఉన్నవో లేవో చూసి, పశువైద్యులచే శవపరీక్ష జరిపించి, నమూనాలు ప్రయోగశాలకు పంపి, కళేబరాన్ని దహనం చేస్తారు. రుజువు చేయవలసిన భారం నేరం జరిగిందనేవారి మీద గాక, జరుగలేదనే శాఖ మీద ఉండడం దీని ప్రత్యేకత.

శాఖపై పర్యవేక్షణ

ఈ కట్టుదిట్టములు రావడానికి కారణం రాజస్థాన్‌లోని సరిస్కా. అక్కడ కాగితాలపై పులులున్నవి. 2005 తొలినాళ్ళలో చూడగా అడవిలో ఒక్కటీ లేదు. అప్పటివరకు పాదముద్రలను లెక్కించి సంఖ్య ప్రకటించినది స్థానిక అటవీ సిబ్బందియే. సునీతా నారాయణ్ అధ్యక్షతన ఏర్పడిన పులుల కార్యదళం 2005లో నివేదిక ఇచ్చింది. దాని వెంట 2006లో చట్టాన్ని సవరించి ప్రాధికార సంస్థకు చట్టబద్ధత కల్పించారు. కాగ్ సంస్థ కూడా 2006లో పులుల అభయారణ్యాల నిర్వహణపై తనిఖీ నివేదిక ఇచ్చింది. పాదముద్రల స్థానంలో కెమెరాలు వచ్చినవి. గణన పద్ధతిని డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ రూపొందించింది. నల్లమలలోని లెక్కలు కూడా ఈనాడు ఈ పద్ధతిలోనే తయారగుచున్నవి.

సరిస్కా వలె నల్లమల ఖాళీ కాలేదు. కాని 1990లలోను, 2000 దశాబ్దపు తొలి సంవత్సరాలలోను నక్సలైటు ఉద్యమం, పోలీసు గాలింపుల మధ్య అటవీ సిబ్బంది లోతట్టు ప్రాంతాలలో స్వేచ్ఛగా తిరుగలేకపోయారు. గస్తీ లేనిచోట నేరమూ నమోదు కాదు. ఆ కాలపు నేరాల రిజిస్టర్లలో ఖాళీగా కనిపించే పుటలను ప్రశాంతతకు గుర్తుగా చదువరాదు. తరువాత అడవి లోపల బేస్ క్యాంపులు ఏర్పాటుచేసి, చెంచు యువకులను కాపలాకు నియమించారు. గస్తీ నడిచిన దారిని ఉపగ్రహ సంకేతాలతో నమోదుచేసే ఎం-స్ట్రైప్స్ అనే విధానం 2010లో దేశంలో ప్రవేశపెట్టబడినది. ఒక బీట్‌లో ఎన్ని కేసులు నమోదైనవి అనుటకంటే ఎన్ని కిలోమీటర్లు నడిచారు, ఎన్ని ఉచ్చులు తీశారు అనునవే నిజమైన కొలమానములు. కేసుల సంఖ్యనే కొలమానంగా పెట్టుకున్నచో, ఉచ్చును తీసి జేబులో వేసుకొని మౌనం వహించిన ఉద్యోగికే మంచి పేరు వచ్చును.

2007లో ఏర్పడిన వన్యప్రాణి నేర నియంత్రణ బ్యూరో అంతర్రాష్ట్ర ముఠాల సమాచారాన్ని సేకరిస్తుంది. దీని దక్షిణ ప్రాంతీయ కార్యాలయం చెన్నైలో ఉంది. రాష్ట్ర స్థాయిలో ముఖ్యమంత్రి అధ్యక్షతన వన్యప్రాణి మండలి, పులుల సంరక్షణకు స్టీరింగ్ కమిటీ ఉండవలెనని చట్టం చెప్పుచున్నది. ఖర్చులపై కాగ్ ఇచ్చే నివేదికలు శాసనసభకు, అక్కడినుండి ప్రజాపద్దుల సంఘానికి వెళ్ళును.

పౌరునికి గల మార్గములు

శాఖ కదలనప్పుడు పౌరుడే న్యాయస్థానానికి వెళ్ళవచ్చును. చట్టంలోని 55వ సెక్షన్ ప్రకారం, జరిగిన నేరాన్ని, ఫిర్యాదు చేయు ఉద్దేశాన్ని తెలుపుతూ ప్రభుత్వానికి లేదా అధీకృత అధికారికి కనీసం 60 రోజుల ముందు నోటీసు ఇచ్చిన ఏ వ్యక్తి ఫిర్యాదునైనా న్యాయస్థానం స్వీకరించవచ్చును. ఈ అరవై రోజులలో సాక్ష్యం చెదిరిపోవచ్చును గనుక ఫొటోలు, తేదీలు భద్రపరచుకొనుట అవసరం.

2005 సమాచార హక్కు చట్టం క్రింద నేర నివేదికల సంఖ్య, కేసుల స్థితి, పరిహారపు దరఖాస్తుల వివరాలు అడుగవచ్చును. సాధారణంగా 30 రోజులలో సమాధానం ఇవ్వాలి. సమాచారం ఇచ్చినవారి గుర్తింపును బయటపెట్టకుండా ఉండుటకు అదే చట్టంలోని 8వ సెక్షన్ వీలు కల్పిస్తుంది. రహస్యంగా చెప్పదలచిన కాపరికి ఇది తెలియవలసిన నిబంధన.

జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వేట కేసులు తీసుకువెళ్ళవచ్చునన్న అభిప్రాయం విస్తృతంగా ఉన్నది. అది పొరపాటు. 2010 నాటి ట్రిబ్యునల్ చట్టపు జాబితాలో నీరు, గాలి, పర్యావరణం, అటవీ పరిరక్షణ, జీవవైవిధ్య చట్టాలున్నవి గాని వన్యప్రాణి సంరక్షణ చట్టం లేదు.

2006 అటవీ హక్కుల చట్టంలోని 5వ సెక్షన్ వన్యప్రాణులను, అడవిని రక్షించు అధికారాన్ని హక్కుదారులకు, గ్రామసభకు ఇచ్చింది. చెంచు గూడెం గ్రామసభ తీర్మానం ఈ విధంగా చట్టబద్ధమైన పత్రమగును.

గుత్తి సాలీడు

నేర నమోదులో పులికి ఉన్న శ్రద్ధ చిన్న జీవులకు లేదనుటకు ఈ ప్రాంతపు నీలిరంగు సాలీడే ఉదాహరణ. 1899లో గుత్తి రైల్వే కలప అడితిలో దొరికిన నమూనాతో పోకాక్ దీనిని వర్ణించాడు. తరువాత శతాబ్దకాలం దీని జాడ లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో మరల కనుగొనబడినది. చెట్ల తొర్రలలో నివసించే ఈ జీవి 100 చదరపు కిలోమీటర్లకు లోబడిన అడవిలోనే ఉన్నదని తెలిసి, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య 2008లో దీనిని తీవ్రంగా అంతరించే ప్రమాదం గలదిగా పేర్కొన్నది. అందమైన రంగు వలన విదేశాలలో పెంపుడు జీవిగా అమ్ముడుపోవును. 1972 నాటి షెడ్యూళ్ళలో దీనికి చోటులేదు. ఈ ప్రజాతిని 2019లో సైటిస్ ఒప్పందపు రెండవ అనుబంధంలో చేర్చారు. 2022 సవరణ ఆ ఒప్పందంలోని జీవుల వ్యాపారాన్ని మన చట్టపరిధిలోకి తెచ్చింది. అయినను అగ్గిపెట్టెలో పట్టే జీవిని దోర్నాల, గిద్దలూరు తనిఖీ కేంద్రాలలో గుర్తించవలసిన సిబ్బందికి అది ఎట్లుండునో ముందుగా చూపించవలసి యున్నది.