చార్మినార్ పక్కన ఒక కప్పు చాయ్

ఆదివారం అంటే ఇంట్లో అందరికీ సెలవు, మనకు మాత్రం రెండింతలు పని. అవునా కాదా, మీరే చెప్పండి! అందుకే మొన్నో ఆదివారం పొయ్యి వెలిగించకుండానే తలుపుకు తాళం పెట్టి, పటాన్‌చెరు నుంచి మేం ఐదుగురం చార్మినార్‌కు పోయొచ్చాం. ఎందుకనుకున్నారు? చాయ్ తాగడానికి!

"చాయ్ కోసం అంత దూరమా?" అని పక్కింటావిడ నవ్వింది. ఆవిడకేం తెలుసు, అది పాత బాకీ. 2002లో మా ఆడపడుచు పెళ్ళికి గాజులు కొనాలని అత్తమ్మ, నేను, మా వారు లాడ్ బజార్ వెళ్ళాం. ఎండలో తిరిగి తిరిగి తలలు పగిలిపోతున్నాయి. దారిలో ఓ ఇరానీ హోటల్ కనిపిస్తే, "లోపలంతా మగాళ్ళే, మీరిక్కడే ఉండండి" అని మా వారు మమ్మల్ని ఫుట్‌పాత్ మీద నిలబెట్టి, తాను లోపల దర్జాగా కూర్చున్నారు. మాకు బయటికే రెండు కప్పులు వచ్చాయి. సంచులు కాళ్ళ మధ్య పెట్టుకుని గబగబా తాగేశాం. రుచి కూడా గుర్తు లేదు. మమ్మల్ని ఎవరూ రావద్దనలేదు, చూడండి. లోపలికి వెళ్ళొచ్చని మాకే తోచలేదు.

ఈ హోటళ్ళ కథ చాలా పాతది. ఇరాన్ నుంచి బతుకుతెరువు కోసం ఓడల్లో బొంబాయి చేరినవాళ్ళలో కొందరు పుణె మీదుగా హైదరాబాద్ వచ్చి ఇక్కడ చాయ్ అంగళ్ళు పెట్టుకున్నారు. పాలరాతి బల్లలు, వంపు చేతుల కర్ర కుర్చీలు, ఒక్క చాయ్‌తో గంట కూర్చున్నా లెమ్మనని యజమాని. ఊళ్ళో మగవాళ్ళ కబుర్లన్నీ అక్కడే. తర్వాత అద్దెలు పెరిగి, పిల్లలు వేరే పనుల్లోకి పోయి, చాలా వరకు మూతబడ్డాయి. కొన్ని పెద్ద హోటళ్ళలో కుటుంబాలకు వేరే హాలు వచ్చింది. మదీనా దగ్గర షాదాబ్‌లో అలాగే పైన కూర్చోవచ్చు.

మేం మాత్రం చార్మినార్‌ను ఆనుకున్నట్టే ఉండే నిమ్రాకు వెళ్ళాం. అది 1993లో మొదలైంది. ఎదురుగా 1591లో కులీ కుతుబ్ షా కట్టించిన చార్మినార్, పక్కనే మక్కా మసీదు. ఇక్కడి నుంచి 218 బస్సులో కోఠి దాకా పోయి, అక్కడ ఆటో ఎక్కాం. 2023 డిసెంబరు నుంచి సిటీ ఆర్డినరీ బస్సుల్లో మనకు టికెట్ లేదు కదా, ఆధార్ కార్డు మరవకండి. మా వారొక్కరే డబ్బులు కట్టారు!

అక్కడ చాలామంది నిలబడే తాగుతారు. జనాన్ని చూసి అత్తమ్మ మొహం చిన్నబోయింది. "మళ్ళా బయటేనా బిడ్డా?" అంది. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు కూడా. నేను నేరుగా లోపలికి నడిచి, ఒక బల్ల ఖాళీ అయ్యేదాకా పక్కనే కాపు కాశాను. ఎవరూ వింతగా చూడలేదు. పక్క బల్ల దగ్గర కాలేజీ ఆడపిల్లలు బిస్కెట్లు ముంచుకుని తింటున్నారు.

ఇక చాయ్ సంగతి. మనం పాలు, నీళ్ళు, పత్తి కలిపి మరిగిస్తాం. ఇరానీ చాయ్‌లో ఆ రెండూ కప్పులోనే కలుస్తాయి. ఇంట్లో నలుగురికి ఇలా చేసి చూడండి. రెండు గ్లాసుల నీళ్ళలో మూడు చెంచాల చాయ్ పత్తి, నాలుగు చెంచాల చక్కెర వేసి మూత పెట్టి, అంచు చుట్టూ గోధుమపిండి ముద్దతో మూసేయండి. బాగా సన్నని సెగ మీద ఇరవై నిమిషాలు ఉంచండి. వేరే గిన్నెలో అర లీటరు చిక్కటి పాలను మూడో వంతు తగ్గేదాకా కలుపుతూ మరిగించండి. ముందు డికాక్షన్ సగం కప్పు, పైన పాలు. అల్లం వేయకండి, అసలు రుచి పోతుంది. పిండి మూత తీసేటప్పుడు ఆవిరి చేతికి తగలకుండా చూసుకోండి, నేను కాల్చుకున్నాను!

తోడుగా ఉస్మానియా బిస్కెట్. కాస్త తీపి, కాస్త ఉప్పు. ఉస్మానియా ఆస్పత్రి రోగుల కోసం మొదలైందని చెప్పుకుంటారు. చాయ్‌లో ముంచి రెండు లెక్కపెట్టేలోపు తీయాలి, లేదంటే సగం కప్పు అడుగునే.

తర్వాత లాడ్ బజార్‌లో లక్క గాజులు చూశాం. 2024లో వాటికి జీఐ గుర్తింపు వచ్చింది. వేడి లక్క మీద ఒక్కో రాయీ చేత్తో అద్దుతుంటే మా అమ్మాయి కదల్లేదు.

అన్నట్టు, అసలు ముచ్చట మధ్యలో వదిలేశాను. మొదటి చాయ్ అయ్యాక మా వారు, "జనం పెరుగుతున్నారు, ఇక లేద్దామా?" అన్నారు. అత్తమ్మ సాసర్‌లో మిగిలిన చుక్కలు కూడా తాగి, కొడుకు వంక చూసింది.

"నువ్వు పోయి బయట నిలబడు నాయనా. నాకింకో చాయ్ చెప్పి పో."