బండి ఊగుతోందా? స్ట్రట్లు చూడండి!

రైతుబజారుకి కూరగాయలు వేసే చిన్న ట్రక్కు మాది. నడిపేది మా ఆయన. లెక్కలతోపాటు బండి బాగోగులు చూసేది నేను. ‘ఆడవాళ్లకి స్పానర్లతో పనేంటి?’ అని మొదట్లో మా అత్తయ్య అన్నారు. బండి ఒక్కరోజు ఆగితే ఆ రోజు రాబడి లేనట్టే కదా! ఇప్పుడు నాకు నట్లు అందించేది ఆవిడే.

చాలా కార్లకి, కొన్ని చిన్న ట్రక్కులకి ముందు చక్రాల దగ్గర స్ట్రట్లుంటాయి. 1983లో వచ్చిన మారుతి 800కీ ఇవే. చుట్టూ స్ప్రింగు, లోపల నూనెలో కదిలే పిస్టను. స్ప్రింగు కుదుపుని భరిస్తే, నూనె ఆ ఊపుని ఆపుతుంది. సీలు అరిగి నూనె కారిపోతే ఊపు ఆగదు. స్ట్రట్టు మీద నూనె తడి, టైరు అక్కడక్కడా గుంటలుగా అరగడం, బ్రేకు వేయగానే బండి ముందుకి బాగా వంగడం... ఇవీ గుర్తులు. ‘ఊగితే ఏముందిలే’ అనుకోకండి. టైరుకి రోడ్డు మీద పట్టు తగ్గి, బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది.

మార్చేటప్పుడు రెండువైపులా ఒకేసారి మార్చాలి. బోల్టులకి ముందురోజు రాత్రే తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచుతాను. చదునైన నేలమీద హ్యాండ్‌బ్రేకు వేసి, వెనక చక్రాలకి అడ్డు పెట్టాలి. చక్రం నేలమీద ఉండగానే దాని నట్లు కాస్త వదులు చేయాలి. జాకీతో లేపాక ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టాల్సిందే. వట్టి జాకీని నమ్మి కిందికి దూరకూడదు. చక్రం తీసి, స్ట్రట్టుకున్న బ్రేకు గొట్టం విడదీయాలి. కింది బోల్టులున్నచోట పెయింటుతో గుర్తు పెట్టుకుని విప్పాలి. హబ్బు వేలాడకుండా తాడుతో కట్టాలి. పైన బాడీకి పట్టి ఉంచే నట్లు చివర్లో విప్పాలి. అప్పుడు ఒకరు కింద స్ట్రట్టుని పట్టుకోవాలి.

పైన నడిమధ్య ఉన్న నట్టు జోలికి మాత్రం వెళ్లొద్దు! దాని కింద స్ప్రింగు అణిచిపెట్టి ఉంటుంది. స్ప్రింగుని నొక్కిపట్టే పనిముట్టు లేకుండా విప్పితే అది ఎగిరి తగిలి ప్రాణాలే పోవచ్చు. పాత స్ప్రింగుని కొత్త స్ట్రట్టుకి ఎక్కించే ఆ ఒక్క పనీ మేం వర్క్‌షాపులోనే చేయిస్తాం. స్ప్రింగుతో సహా బిగించిన సెట్టు దొరికితే ఆ బాధా లేదు.

తిరిగి అమర్చేటప్పుడు టార్క్ రెంచితో, కంపెనీ పుస్తకంలో చెప్పినంతే బిగించాలి. తర్వాత వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి.

అన్నీ మనమే చేయక్కర్లేదు. ఏది ఇంట్లో చేయొచ్చో, ఏది చేయకూడదో తెలిస్తే చాలు. మెకానిక్ ఏం మార్చాడో, బిల్లు ఎందుకంత వేశాడో ధైర్యంగా అడగొచ్చు.