ఆస్టరేసి పూలమొక్కల గుర్తింపు: పోలికలు, భేదాలు, సస్యరక్షణలో ప్రాధాన్యం

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల పెరటి తోటల్లోను, పూల మడుల్లోను కనిపించే చామంతి, బంతి, ఆస్టర్, గైలార్డియా, జిన్నియా, కాస్మోస్ మొక్కలన్నీ ఆస్టరేసి కుటుంబానికి చెందినవి. కాలువ గట్లపైన, బీళ్లలోను, చేల అంచుల్లోను విస్తరించే వయ్యారిభామ కూడా ఈ కుటుంబంలోనిదే. పూత లేని దశలో ఇది చామంతిని పోలి ఉండటం వల్ల కలుపుతీతలో పొరపాట్లు జరుగుతాయి. పూత వచ్చేదాకా వేచి చూస్తే సమీపంలోని పొద్దుతిరుగుడు, వేరుశనగ పైర్లకు ముప్పు ఏర్పడుతుంది. కావున ఈ మొక్కలను పూతలోను, పూతకు ముందు కూడా గుర్తించగలగడం అవసరం.

పుష్పవిన్యాస నిర్మాణం

సాధారణంగా పువ్వుగా వ్యవహరించేది నిజానికి అనేక చిరుపుష్పాలు ఒకే పుష్పాసనంపై అమరిన శీర్షవత్ విన్యాసం. పొద్దుతిరుగుడులో అంచున పసుపుపచ్చని కిరణ పుష్పకాలు, మధ్యలో గింజకట్టే బింబ పుష్పకాలు ఉంటాయి. కుసుమలో బింబ పుష్పకాలు మాత్రమే ఉంటాయి. ఈ రెండు పైర్ల శీర్షాలను నిలువునా కోసి పరిశీలిస్తే విద్యార్థులకు కుటుంబ లక్షణాలు సులభంగా బోధపడతాయి.

ముద్దపూల రకాల్లో బింబ పుష్పకాల స్థానంలో అధిక భాగం కిరణ పుష్పకాలే ఏర్పడతాయి. అందువల్ల రంగు, పరిమాణం, రేకుల సంఖ్య నమ్మదగిన ఆధారాలు కావు. శీర్షం అడుగున ఉండే పరిచక్ర పుచ్ఛావళి, ఆకుల అమరిక, గింజ కొనపై ఉండే కేశగుచ్ఛం అంతగా మారవు. గుర్తింపునకు వీటినే ఆధారంగా తీసుకోవాలి.

పూతదశలో గుర్తింపు

చామంతి, ఆస్టర్: రెండింటిలోను ఆకులు ఏకాంతరంగా ఉంటాయి. చామంతి ఆకు తమ్మెలుగా చీలి, నలిపితే ఘాటైన వాసన ఇస్తుంది. దాని పుచ్ఛాల అంచులు కాగితంలా పలుచగా ఉంటాయి. గింజపై కేశగుచ్ఛం ఉండదు. ఆస్టర్‌లో వెలుపలి పుచ్ఛాలు చిన్న ఆకుల వలె పచ్చగా విచ్చుకొని ఉంటాయి. గింజపై సన్నని నూగు ఉంటుంది. చామంతిని సాధారణంగా పిలకలు లేదా కొమ్మ కత్తిరింపులతోను, ఆస్టర్‌ను విత్తనంతోను ప్రవర్ధనం చేస్తారు.

బంతి, పసుపు కాస్మోస్: రెండింటి ఆకులు అభిముఖంగా ఉండి, ఈకవలె చీలి ఉంటాయి. బంతి ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే తైల గ్రంథులు చుక్కలుగా కనిపిస్తాయి. దాని పుచ్ఛాలు ఒకే వరుసలో కలిసి గొట్టంవంటి కప్పుగా ఏర్పడతాయి. కాస్మోస్‌లో పుచ్ఛాలు రెండు వరుసలుగా ఉంటాయి. పొడవైన గింజ కొనన ముక్కు, దానిపై బట్టలకు అంటుకొనే ముళ్లు ఉంటాయి.

జిన్నియా, గైలార్డియా: జిన్నియా ఆకులు అభిముఖంగా, కాడలేకుండా, చీలికలు లేకుండా గరుకుగా ఉంటాయి. గైలార్డియా ఆకులు ఏకాంతరంగా ఉంటాయి. దాని కిరణ పుష్పకాల కొనలు మూడుగా చీలి ఉంటాయి.

పూతకు ముందు గుర్తింపు

వయ్యారిభామ మొలకెత్తిన సుమారు నాలుగు నుంచి ఆరు వారాల్లో పూతకు వస్తుంది. కాబట్టి చామంతి మడుల్లో దానిని ఆకు, వేరు లక్షణాలను బట్టే గుర్తించాలి. లేత దశలో దాని ఆకులు నేలకు అంటుకొని చక్రంలా పరచుకొంటాయి. ఆకు పలుచగా ఉండి, నడిమి ఈనె దాకా చీలి, ఆ చీలికలు మళ్లీ చీలుతాయి. చామంతి ఆకు మందంగా ఉంటుంది, చీలికలు ఈనెను చేరవు. వయ్యారిభామ ఆకును నలిపితే చామంతి వాసన రాదు. మొక్కను పెరికితే ఒకే తల్లివేరు కనిపిస్తుంది. చామంతి పిలక తల్లిమొక్క మొదలు నుంచి భూగర్భ కాండం ద్వారా వెలువడి పీచువేర్లు కలిగి ఉంటుంది. పూసిన తరువాత వయ్యారిభామ శీర్షాలు చిన్నవిగా, తెల్లగా, ఐదు మూలలతో ఉండి సందేహానికి తావివ్వవు. అయితే అప్పటికే పుప్పొడి విడుదల మొదలవుతుంది.

సస్యరక్షణలో ప్రాధాన్యం

పొద్దుతిరుగుడు నెక్రోసిస్ తెగులు 1997లో కర్ణాటకలోని బాగేపల్లి ప్రాంతంలో వెలుగుచూసింది. 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో సుమారు 2.25 లక్షల హెక్టార్ల వేరుశనగను కాండం కుళ్లు తెగులు దెబ్బతీసింది. ఈ రెండింటికీ కారకం పొగాకు స్ట్రీక్ వైరస్. వయ్యారిభామ ఎలాంటి లక్షణాలూ చూపకుండానే ఈ వైరస్‌ను తనలో నిలుపుకొంటుంది. వైరస్ ఉన్న పుప్పొడి గాలి ద్వారాను, తామరపురుగుల ద్వారాను పైరు ఆకులపైకి చేరుతుంది. ఆ పురుగులు గీకిన గాయాల గుండా వైరస్ మొక్కలోకి ప్రవేశిస్తుంది. బంతి కూడా ఈ వైరస్‌కు ఆశ్రయమిచ్చే మొక్కే. అందువల్ల నూనెగింజల పైర్ల పక్కన దానిని సాగుచేసేటప్పుడు జాగ్రత్త వహించాలి.

వయ్యారిభామను పూతకు ముందే, చేతులకు తొడుగులు ధరించి, వేరుతో సహా తొలగించాలి. అందులోని పార్థినిన్ చర్మవ్యాధికి కారణమవుతుంది. ఇదే వర్గానికి చెందిన రసాయనాలు చామంతిలోను ఉన్నందున, ఒకసారి దురద, దద్దుర్లకు లోనైన కూలీలకు చామంతి కోతలోను ఇబ్బంది కలగవచ్చు. విస్తరణ శాస్త్రవేత్తలు రైతు శిక్షణల్లో వయ్యారిభామ లేతమొక్కను, చామంతి పిలకను వేర్లతో సహా పక్కపక్కన ఉంచి చూపడం మేలు. ఆకు చీలిక, వాసన, వేరు అనే మూడు గుర్తులు తెలిసిన కూలీ చామంతి పిలకను నష్టపరచకుండా, పుప్పొడి రాలకముందే కలుపును తీయగలుగుతారు.