ఒక దుప్పటి, ఒక ఉదయం, నాలుగు లక్షల మంది

చలికాలపు తెల్లవారుజామున ఖరగ్‌పూర్ జంక్షన్‌లో రైలు దిగినవారికి ఒక దృశ్యం సుపరిచితమే. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరొందిన 1,072 మీటర్ల ఆ ప్లాట్‌ఫారం మీద, ఒకే దుప్పటి కప్పుకొని బండి కోసం ఎదురుచూసే దంపతులు కనిపిస్తారు. రైల్వే కొలువులతో తరతరాలుగా అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇందులో వింత ఏమీ లేదు. కాని ఇటువంటి దృశ్యమే, సముద్రాలకావల, ఒక ఛాయాచిత్రంలో చిక్కి ఒక తరానికే గుర్తుగా నిలిచిపోయింది.

1969 ఆగస్టు 15న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, బెతెల్ వద్ద మాక్స్ యాస్గర్ అనే పాడిరైతు పొలంలో వుడ్‌స్టాక్ సంగీతోత్సవం ప్రారంభమయింది. ముందుగా అమ్ముడైన టిక్కెట్లు సుమారు 1,86,000. వచ్చిన జనం నాలుగు లక్షలకు పైమాటే. కంచె కట్టడం పూర్తికాలేదు. ప్రవేశం ఉచితమని ప్రకటించక తప్పలేదు. రహదారులు వాహనాలతో స్తంభించాయి, ఆహారం చాలలేదు, వాన కురిసి పొలమంతా బురదమయమయింది.

ఛాయాగ్రాహకుడు బర్క్ అజిల్ ఏ పత్రిక పనిమీదా కాక, కుటుంబంతో కలసి అక్కడికి వెళ్లారు. ఆగస్టు 17, ఆదివారం వేకువన, నేలమీద అలసి పడుకొన్న జనం నడుమ ఒక యువజంట లేచి నిలుచుని, బురద అంటిన దుప్పటి చుట్టుకొని, ఒకరినొకరు పొదివి పట్టుకోవడం ఆయన చూశారు. కెమెరా మీట నొక్కారు. ఆ సంగతి వారికి తెలియనే తెలియదు.

1970లో వెలువడిన మూడు రికార్డుల సంపుటికి ఆ చిత్రమే ముఖచిత్రమయింది. ఒక మిత్రుని ఇంట ఆ అట్టను చూసినప్పుడు గాని అది తమ బొమ్మేనని నిక్ ఎర్కోలైన్, బాబీ కెల్లీలకు తెలియలేదు. సంగీతోత్సవపు సంపుటి మీద ఒక్క గాయకుడైనా లేడు. వేదిక కూడా లేదు. జంట పక్కనే నేలమీద పడుకొన్న వారి మిత్రుడు వియత్నాం యుద్ధం నుండి తిరిగివచ్చిన సైనికుడు. యుద్ధంతో విసిగిన యువతరం కోరుకొన్నదేమిటో చెప్పడానికి ఆ నిశ్శబ్ద దృశ్యమే చాలింది.

అయితే చిత్రం చెప్పినదే సర్వం కాదు. తొలిరోజు వానలోనే సితార్ వాయించిన పండిట్ రవిశంకర్‌కు ఆ ఉత్సవం రుచించలేదు. బురదలో మునిగిన శ్రోతలను చూస్తే మన దేశపు గేదెలు జ్ఞాపకం వచ్చాయని ఆయన తరువాత చెప్పారు. మత్తుపదార్థాల విచ్చలవిడితనం ఆయనను బాధించింది. ఉత్సవ స్థలంలో ప్రాణాలు కోల్పోయినవారూ ఉన్నారు: ఒకరు మత్తుమందుకు, మరొకరు ట్రాక్టరు కింద పడి బలి అయ్యారు.

మరి ఆ ఛాయాచిత్రం అబద్ధమాడిందా? దీనికి సమాధానం ఆ జంట జీవితంలోనే ఉన్నది. అప్పటికి వారి పరిచయం కొద్ది మాసాలది. 1971లో వివాహం చేసుకొన్నారు, ఇద్దరు కుమారులను పెంచారు. బాబీ నర్సుగా పనిచేశారు. 2023 మార్చిలో ఆమె కన్నుమూసే వరకు, అర్ధశతాబ్దికి పైగా, వారు విడిపోలేదు. ప్రేమను గురించి నాడు నినాదాలు చేసినవారు ఎందరో. దానిని దినదినమూ నిలుపుకొన్నవారు కొందరే. కెమెరా ఆ వేకువన బురదనంతటినీ చూపలేదు. కాని అది చూపినది మాత్రం నిజమే అయింది.