అత్యవసర విభాగంలో వరుస ఎవరిది?

అత్యవసర విభాగంలో ముందు వచ్చినవారికి ముందు వైద్యమనే నియమం చెల్లదు. ఎవరి ప్రాణం ముందు పోయే ప్రమాదమున్నదో వారిదే తొలి వరుస. నెపోలియన్ సైన్యంలోని శస్త్రవైద్యుడు లారీ హోదాను కాక గాయాన్ని చూసి చికిత్స చేశాడు. పలుకుబడి గలవారికి ఈ పద్ధతి నేటికీ రుచించదు. శ్వాసమార్గం, శ్వాస, రక్తప్రసరణ, స్పృహ అనే క్రమంలో పరీక్ష సాగుతుంది.

మన మందస, పలాస ప్రాంతాలలో దీనికి మరొక ప్రశ్న తోడుకావాలి: రోగికి మూత్రపిండాల వ్యాధి ఉన్నదా? ఉద్దానంలో విస్తరించిన ఈ వ్యాధికి కారణం ఇదమిత్థమని నేటికీ తేలలేదు. పాడైన మూత్రపిండాలు విసర్జింపలేని పొటాషియం రక్తంలో పేరుకొన్నప్పుడు, పెద్ద బాధేమీ తెలియకుండానే గుండె ఆగిపోవచ్చు. అంటే, నీరసమని మూలన కూర్చున్నవాడు గాయంతో కేకలు వేసేవానికంటె ఆపదలో ఉండవచ్చునన్నమాట. ఇ.సి.జి.లో ఆ జాడ తరచు కనిపిస్తుంది. వెంటనే కాల్షియం సూదిమందు ఇస్తారు. అది పొటాషియంను తగ్గించదు, గుండెకు కొంత వ్యవధి నిస్తుంది. గ్లూకోజుతో కూడిన ఇన్సులిన్ పొటాషియంను కణాలలోనికి పంపుతుంది. దానిని శరీరం నుండి వెలికితీయడానికి డయాలిసిస్ కావాలి.

నీరసించినవానికి కొబ్బరిబొండం అందించడం మన సీమ మర్యాద. ఆ నీటిలో పొటాషియం అధికం. ఈ రోగులకు అది హాని.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండాల పరిశోధన కేంద్రం ప్రారంభమైనాయి. వెంట వెళ్ళిన విద్యార్థి మందుల చీటీలు చూపి, కడపటి డయాలిసిస్ జరిగిన తేదీ చెప్పగలిగితే వైద్యునికి విలువైన నిమిషాలు మిగులుతాయి.